రేవులో కట్టిన పడవ

లంకలో చేలున్నోళ్లకి చెప్పక్కర్లేదు. అరటి గెలలు దిగే రోజుల్లో మా రేవులో పది పడవల చోట ఇరవై కడతాం.

మొన్న తెల్లారి వెళ్లేసరికి మా పడవలో మోకాలిలోతు నీళ్లు. పక్క చెక్క పగిలింది. ఆనుకుని ఉన్న ఇంజను పడవ ఇనప రేకుకి మా నీలం రంగు అంటుకుని ఉంది. అవతల ఒడ్డున కోసిన గెలలు ఎండలో ఉన్నాయి. ఒళ్లు మండిపోయింది.

అయినా తాడు విప్పకుండా, ఉన్నది ఉన్నట్టే నాలుగు ఫొటోలు తీసి ఆ కుర్రాడికి ఫోన్ చేశాను. అతనొచ్చి, "బాబాయ్, నా పడవ రెండు వైపులా కట్టుంది. మీది ముందు ఒక్క తాడే. పోటుకి ఊగి మీదే వచ్చి కొట్టుకుంది" అన్నాడు. ఫొటోలో చూస్తే నిజమే! పోటుకి నీరు పెరుగుతుందని తాడు వదులుగా వదిలింది నేనే, వెనక కట్టనిదీ నేనే.

ఇరుకు రేవులో ఒకరి పొరపాటు పక్కోడికీ చుట్టుకుంటుంది. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒక బోటులో లేచిన మంట, పక్కపక్కన కట్టిన ముప్పైకి పైగా బోట్లని కాల్చేసింది. మాది అంత నష్టం కాదులెండి.

వడ్రంగి ఖర్చు నేనే పెట్టుకున్నాను. చెక్క మార్చి, సందుల్లో నూలు కుక్కి తారు పూసేసరికి మూడు రోజులు. ఆ మూడు రోజులూ మా గెలలు ఆ కుర్రాడి పడవలోనే దాటాయి. డీజిల్ డబ్బులిస్తే తీసుకోలేదు.

ఇప్పుడు వెనక కూడా తాడు కట్టి, పక్కన రెండు పాత స్కూటర్ టైర్లు వేలాడదీశాను. ఇంకో రెండున్నాయి, అతని పడవకి ఇవ్వాలి.