ఎనిమిది వందల గది

కర్నూలులో హోటలంటే దోసె తినే చోటు. పడుకోడానికైతే లాడ్జి. అందులో దిగేది టూరిస్టులు తక్కువ. పెద్దాసుపత్రిలో మనిషిని చేర్పించి, బయట కాచుకునే పల్లెజనం ఎక్కువ. కడపలో ఐతే పెద్ద దర్గాకి వచ్చినవాళ్ళు కూడా.

2022 జులై 18కి ముందు, రోజుకి వెయ్యి రూపాయల దాకా అద్దె ఉన్న గదికి జీఎస్టీ లేదు. ఆ రోజు నుంచి 12 శాతం వేశారు.

మరుసటేడు నాన్న ఆపరేషన్‌కి మేం దిగిన లాడ్జిలో బోర్డు మీద 800, బిల్లులో 896. "గవర్మెంటుది సార్, మాది కాదు" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. పక్కనున్న పెద్దాయన తన బిల్లు నా చేతికిచ్చి, "ఎనిమిదినూర్లంటిరి కదప్పా, ఇదేంది?" అన్నాడు. నాకు 96 రూపాయలు పెద్ద లెక్క కాదు. ఆయనకి ఒక పూట భోజనం.

నన్ను ఇప్పటికీ గుచ్చేది ఆ అంకె కాదు, దాని సమానత్వం. 7500 గదికీ అదే 12 శాతం! 2025 సెప్టెంబర్ 22 నుంచి రెండింటికీ 5 శాతమే. మంచిదే. కానీ పేదవాడి గదికి చట్టంలో విడిగా ఉన్న చోటు మాత్రం తిరిగి రాలేదు.

ఇంకా 12 వేస్తుంటే అడగండి. బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉందో లేదో చూడండి: 15 అక్షరాలు, ఆంధ్రాలో ఐతే 37తో మొదలు. రిజిస్ట్రేషన్ లేనివాళ్ళకి ఆ పన్ను వసూలు చేసే హక్కే లేదు.

ఉన్నవాళ్ళైనా, బోర్డు మీదే 840 అని రాయొచ్చు కదా. జేబులో ఎంతుందో లెక్క చూసుకుని మెట్లెక్కే మనిషికి, ముందే తెలిసిన ధర కూడా ఒక మర్యాదే.