పెట్ట వాటా

సంక్రాంతి దగ్గర పడుతోందంటే మా గోదావరి జిల్లాల్లో పుంజుకి రాజభోగం. చోళ్ళు, గంట్లు నానబెట్టి పెడతారు. బాదంపప్పు, జీడిపప్పు సన్నగా తరిగి నోటికందిస్తారు. ఉడకబెట్టిన గుడ్డు, మటన్ ఖీమా, వేన్నీళ్ళ కాపడం, చెరువులో ఈత. ఇన్ని సేవలూ చివరికి కాలికి కత్తి కట్టి బరిలోకి తొయ్యడానికే. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ఒప్పుకోని పని అది. ఆ పుంజుల గొప్ప చెప్పుకునే దొడ్లోనే పెట్ట కూడా తిరుగుతుంటుంది. ఏడాది పొడుగునా గుడ్లు పెట్టేది అది, పొదిగేది అది, గద్ద నీడ పడితే పిల్లల్ని రెక్కల కిందకి లాక్కునేది అది. దానికి దక్కేది మాత్రం కంచాలు కడిగిన మెతుకులు. చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది.

పట్నాల్లో మేడ మీద నాలుగు కోళ్ళు పెంచుకునేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. మంచిదే. కానీ అక్కడా పెట్ట కడుపు సంగతి ఎవరికీ పట్టదు. పొద్దున తెల్లన్నం ముద్ద పడేస్తారు, గుడ్డు పెంకు పల్చబడగానే మందుల షాపుకి పరుగెత్తి కాల్షియం సీసా, లివర్ టానిక్, విటమిన్ పొడి కొనుక్కొస్తారు. ఆ విటమిన్ పొడిలో ఉన్నదాంట్లో కొంత భాగం మనం తవుడుతోపాటు వదులుకున్నదే.

ఈ మాట ఊరికే అనడం లేదు. 1880ల చివర్లో, డచ్చివాళ్ళ ఏలుబడిలో ఉన్న బటావియాలో, అంటే నేటి జకార్తాలో, క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే వైద్యుడు బెరిబెరి అనే జబ్బుకి కారణం వెతుకుతూ ప్రయోగశాలలో కోళ్ళు ఉంచాడు. ఉన్నట్టుండి వాటికి కాళ్ళు పట్టు తప్పాయి. తూలాయి, కూలబడ్డాయి. కొన్నాళ్ళకి మిగిలినవి వాటంతట అవే లేచి నిలబడ్డాయి. ఆరా తీస్తే అసలు సంగతి తెలిసింది. జబ్బుపడ్డ రోజుల్లో వాటికి సైనికాసుపత్రి వంటింట్లో మిగిలిన తెల్లన్నం వేస్తూ వచ్చారు. వంటవాడు మారాడు. కొత్తగా వచ్చినవాడు సైన్యం అన్నం బయటి కోళ్ళకి పెట్టేది లేదన్నాడు. దాంతో మళ్ళీ పాలిష్ పట్టని బియ్యానికి వచ్చారు, కోళ్ళు కోలుకున్నాయి. గెరిట్ గ్రిన్స్ అనే ఆయన అక్కడే పనిచేసి, ఒంటికి తప్పనిసరిగా కావలసిందేదో బియ్యం పైపొరలో ఉందని 1901లో తేల్చాడు. 1926లో యాన్సెన్, డొనాత్ అదే ఊళ్ళో తవుడు నుంచే దాన్ని స్ఫటికాలుగా వేరుచేశారు. అదే బి1 విటమిన్. ఐక్‌మన్‌కి 1929లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇంత పెద్ద సంగతి లోకానికి తెలిసింది కోళ్ళ కాళ్ళ వల్ల. అన్నం తినే మనమే దాన్ని మరిచిపోయి, పెట్టకి మళ్ళీ అదే తెల్లటి మెతుకులు వేస్తున్నాం.

తవుడు పెట్టడమంటే మా అమ్మమ్మ పెట్టిన తీరే. ఇత్తడి బేసినులో తవుడు పోసి, ఉప్పు తగలని గంజి కొద్దికొద్దిగా చిలకరిస్తూ వేళ్ళతో కలిపేది. పిడికిలి బిగిస్తే ముద్ద నిలవాలి, బొటనవేలితో నొక్కితే పొడిపొడిగా రాలాలి. జారుగా కలిపితే ముక్కుకి అంటుకుని ఎండిపోతుంది, మరీ పొడిగా ఉంటే గాలికి ఎగిరిపోతుంది. అందులో గుప్పెడు నూకలు, దూసిన మునగాకు. పొద్దున్నే గంప ఎత్తగానే వేసేది కాదు. కాసేపు దొడ్లో కెలుక్కోనిచ్చి, పేడకుప్ప దగ్గర పురుగులూ గింజలూ ఏరుకోనిచ్చి, అప్పుడు వేసేది. తిరిగి తిన్న కోడికే తిండి ఒంటబడుతుందని ఆమె నమ్మకం. నాకూ అదే నమ్మకం.

పొదుగు మీదున్న పెట్టకి మాత్రం వేరే లెక్క. 21 రోజులపాటు గుడ్ల మీదే కూర్చునే పెట్ట రోజుకి ఒక్కసారి, కాసేపే దిగుతుంది. ఆ కాసేపట్లోనే తినాలి, నీళ్ళు తాగాలి, దుమ్ములో పొర్లాలి. అమ్మమ్మ ఆ వేళ కనిపెట్టి ఉండేది. మిగతా కోళ్ళని వీధి వైపు తోలేసి, తడిక అడ్డం పెట్టి, నానబెట్టిన గంట్లు దాని ముందు పోసేది. పుంజు వచ్చి తడిక సందులోంచి మెడ చాపితే చీపురు తీసేది. ఇంట్లో మగపిల్లలకి మీగడ పెరుగు వేసి ఆడపిల్లలకి మజ్జిగ పోసే రోజులవి. అమ్మమ్మ ఇంట్లో మాత్రం ఆ తేడా లేదు. ఆడపిల్లల కంచంలోనే ముందు నెయ్యి పడేది. ఎవరైనా అడిగితే, రేపు కనేది వీళ్ళే కదమ్మా అనేది. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఆమె చెయ్యి కళ్ళకద్దుకోవాలనిపిస్తుంది.

గుడ్డు పెంకు మాట. పెంకు దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే. అది తయారవడానికి పెట్ట కడుపులో సుమారు 20 గంటలు పడుతుంది, అందులో ఎక్కువ పని రాత్రిపూటే జరుగుతుంది. మేతలో సున్నం చాలకపోతే పెట్ట తన ఎముకల్లోంచి తీసి గుడ్డుకి ఇస్తుంది. ఇది తెలిశాక పల్చటి పెంకు చేతికి తగిలితే మనసు చివుక్కుమంటుంది. అందుకే ఆల్చిప్పల్నో నత్తగుల్లల్నో పలుకులుగా దంచి సాయంత్రం గూట్లోకి వెళ్ళేముందు ఒక మూకుడులో పెట్టాలి. పలుకులైతే కందనకాయలో నిలిచి రాత్రంతా నెమ్మదిగా కరుగుతాయి. కావలసిన పెట్ట తనే వచ్చి తింటుంది, అక్కర్లేనిది వాసన చూసి పోతుంది. గుడ్డు పెంకులైనా పనికొస్తాయి, ఎండబెట్టి నలిపి వెయ్యాలి. గుడ్లు పెట్టని పిల్లలకి మాత్రం ఈ సున్నం వద్దు, మూత్రపిండాలు చెడతాయి.

పిల్లలకి చెదల్ని మించిన చిరుతిండి లేదు. పాత కుండలో ఎండుగడ్డి, పేడ, చితుకులు కుక్కి, నీళ్ళు చల్లి, చెదలు తిరిగే చోట రాత్రి బోర్లిస్తే తెల్లారేసరికి కుండ నిండుతుంది. కుండ తిరగేసి తట్టగానే తల్లి పిలుస్తుంది చూడండి, ఆ కొక్కొక్కొ వేరు. ముక్కుతో ఒక చెదపురుగును పట్టి కింద పడేస్తుంది, మళ్ళీ పట్టి మళ్ళీ పడేస్తుంది, పిల్ల వచ్చి అందుకునేదాకా తాను మింగదు. బాదంపప్పు ఎవరికి పెట్టాలో ఆ ఒక్కటి చూస్తే తెలుస్తుంది.

ప్రేమతో పెట్టినా ప్రాణం మీదికి తెచ్చేవి ఉన్నాయి. పచ్చడి మెతుకులు, ఉప్పుచేప ముక్కలు వెయ్యకండి. ఉప్పు ఎక్కువైతే కోడి నీళ్ళ కోసం అల్లాడి, నీళ్ళలాంటి రెట్ట వేసి నీరసించిపోతుంది. బూజుపట్టిన వేరుశనగ చెక్క అసలే వద్దు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోతే, బ్రెజిల్ నుంచి తెప్పించిన వేరుశనగ చెక్కకి పట్టిన బూజులో విషం ఉందని బయటపడింది. అఫ్లటాక్సిన్ అనే పేరు అప్పుడు పుట్టిందే. ఇక కొక్కెర తెగులుకి ఏ టానిక్కూ అడ్డం కాదు, టీకా ఒక్కటే.

తవుడు మంచిదైనా మేత అంతా అదే చెయ్యకూడదు. గుడ్లు పెట్టే పెట్ట రోజుకి సుమారు 100 నుంచి 120 గ్రాములు తింటుంది. గింజలు, చెక్క, ఆకులతోపాటు తవుడు ఒక పాలు, అంతే. నూనె తీసిన తవుడు కాకుండా, మిల్లులో అప్పుడే పట్టిన తవుడు అడగండి. కొనేముందు చిటికెడు నోట వేసుకోండి. తియ్యగా ఉంటే మంచిది, చేదుగా ఉంటే ముక్కిపోయినట్టే. రెండు మూడు రోజులకి సరిపడా మాత్రమే తెచ్చుకోండి, అందులో నూనె ఉంటుంది కనుక నిలవుండదు. తెచ్చింది ముందు పెట్టకి వెయ్యండి, పుంజు తర్వాత తింటుంది.