తలకావేరి త్రోవలో పచ్చఱెక్కల తూనీగ

తులాసంక్రమణపు సందడి ముగిసి వానలు వెనుదీసిన పిమ్మట మేము కొడగుసీమకు యాత్ర వెడలితిమి. మడికేరి నుండి భాగమండలము సుమారు 40 కిలోమీటర్లు. అచట కావేరియు కన్నికెయు కలియును. సుజ్యోతి అంతర్వాహినియై వచ్చి చేరునని పెద్దలందురు. సంగమస్నానమాచరించి, భగండేశ్వరుని సేవించి, తలకావేరి కొండకు బోవుచు త్రోవలో నొక సెలయేటి కడ విశ్రమించితిమి.

పిల్లవాని మాసిన చొక్కాయు సబ్బుబిళ్లయు తీసికొని నేను నీటియొద్దకు దిగితిని. అంతలో నొక రాతిపై మరకతపు తునుకవలె నేదియో తళుక్కున మెఱసి, మఱుక్షణమున నల్లనై పోయెను. "అమ్మా, సీతాకోకచిలుక!" అని పిల్లవాడఱచెను. చూడగా నది తూనీగ, వెడల్పు ఱెక్కల జాతిది. శాస్త్రజ్ఞులు దీనిని న్యూరోబేసిస్ చైనెన్సిస్ అందురు. 1758లో లిన్నేయసు పండితుడు దీనికి చీనాదేశము పేర నామకరణము చేసినను, మన పడమటి కనుమల సెలయేళ్లకిది పుట్టింటి బిడ్డయే.

మగదాని వెనుకఱెక్కలు పైవైపున నెమలికంఠమువలె పచ్చగా మెఱయును, కొనలు నల్లన. ముందుఱెక్కలు గాజువలె నుండును. వ్రాలినంతనే ఱెక్కలను వీపుపై ముడుచుకొనును గావున మెఱుపు మఱుగుపడును. పెద్దతూనీగలు ఱెక్కలు చాచియే కూర్చుండును గదా! ఇక మన చెరువుగట్ల పచ్చికలో దిరుగు సూదివంటి సన్నతూనీగల ఱెక్క మొదట గరిటెకాడవలె సన్నమై పిదప వెడలుపగును. దీని ఱెక్కకట్టి కాడ లేదు. మొదటినుండియు క్రమముగా వెడలుపగుచు, వల యల్లినట్లు దట్టమైన యీనెలతో నుండును. ఈ కులమునకిదియే ముఖ్యమైన గుఱుతు.

నేనును మొదట మోసపోయితిని. తేనెవన్నె ఱెక్కలపై తెల్లని చుక్కలు గల తూనీగ యొకటి ప్రక్కరెల్లుపై వ్రాలగా, మెఱుపు లేదు గావున వేఱుజాతి యనుకొంటిని. ఱెక్క మొదలు పరికించిన పిదప గదా, అది యాడుది యని తెలిసెను! ఇంతలో మగది దానియెదుట వెనుకఱెక్కలు కదల్పక చాచి, ముందుఱెక్కలతోనే యెగురుచు తన సొగసు చూపసాగెను. ఆడుది నీటిమొక్కల కాడలలో గ్రుడ్లుపెట్టును. పిల్లలు పాఱునీటి యడుగుననే పెరిగి, పిమ్మట ఱెక్కలు దాల్చును. నీరు చెడిన యేటిలో వానికి బ్రతుకు లేదు.

పిల్లవాడు దారము వెదకుచుండెను. "నాయనా, దాని పసిబిడ్డలు నీటిలో నుందురు" అంటిని. వాడు నా చేతిలోని సబ్బును జూచి, "మఱి నీవో?" అనెను.

సోదరీమణులారా, నాకు ప్రత్యుత్తరము తోచలేదు. చొక్కాను సబ్బును సంచిలో వేసికొని, ఆ మాసినబట్టతోనే కొండ యెక్కితిమి.