సముద్రం తేటపడే నెల

మియాపూర్‌లో ప్రయాణాలకు ముహూర్తం పెట్టేది పిల్లల బడి. దసరా, సంక్రాంతి, వేసవి: ఈ మూడింటిలో ఏదో ఒక సెలవుల్లో ఆలుమగలిద్దరి ఆఫీసులూ కనికరిస్తే ఇల్లు కదులుతుంది, లేకపోతే లేదు. బాచుపల్లి దారిలోనో మదీనగూడలోనో ఏ అపార్ట్‌మెంటులో విన్నా ఇదే లెక్క. అండమాన్ వెళ్దామనుకున్నవాళ్లు కూడా ముందు స్కూలు డైరీ తీస్తారు, తర్వాత విమానం టికెట్ల ధర చూస్తారు. సముద్రాన్ని ఎవరూ అడగరు.

అడగాలి. మనకు కాలం మారడమంటే ఎండా చలీ. మే నెల హైదరాబాద్ వేరు, డిసెంబరు హైదరాబాద్ వేరు. అండమాన్‌లో ఆ తేడా దాదాపు కనిపించదు. ఏడాది పొడుగునా పగటి వేడి ముప్పై డిగ్రీల దగ్గరే ఉంటుంది. అక్కడ మారేది గాలి. వానా, అలలూ, నీటి తేటా, పడవ కదలడం కదలకపోవడం, అన్నీ గాలి చేతిలోవే. నైరుతి రుతుపవనాలు మనల్ని చేరేది జూన్‌లో. అండమాన్‌కు మే మూడో నాలుగో వారానికే చేరుకుంటాయి. పిల్లలకు ఇంకా సెలవులు మిగిలుండగానే అక్కడ ముసురు పట్టేస్తుంది. పోర్ట్ బ్లెయిర్‌లో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది, మన వానకు మూడు రెట్ల పైమాటే. వేసవి సెలవులు తప్ప వేరే దారి లేనివాళ్లు భూమధ్యరేఖ దాటి మారిషస్ వైపు చూడటం మేలు. మేలో అక్కడ తుపానుల కాలం వెళ్లిపోయి చల్లబడుతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో కూలీలుగా ఓడలెక్కి వెళ్లిన తెలుగువారి సంతతి అక్కడుంది, ఉగాదికి ప్రభుత్వమే సెలవిస్తుంది.

అండమాన్‌కు దసరా ఇంకా కష్టకాలం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో పుట్టే తుపానుల్లో చాలావాటి పురిటిగడ్డ అండమాన్ సముద్రమే. 2014 అక్టోబరు 12న విశాఖను అతలాకుతలం చేసిన హుద్‌హుద్ ఆ దీవుల మీదుగానే వచ్చింది. 2016 డిసెంబరు మొదట్లో, తర్వాత వర్దా తుపానుగా మారిన వాయుగుండం వల్ల హావ్‌లాక్‌లో వందలమంది యాత్రికులు చిక్కుకుపోతే నౌకాదళం ఓడలు పంపి తీసుకురావలసి వచ్చింది. ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అని పిలుస్తున్న ఆ దీవికి పోర్ట్ బ్లెయిర్ నుంచి ప్రధాన దారి నీళ్ల మీదే. పడవలు ఆగాయంటే ఎంత డబ్బున్నా ఎక్కడివాళ్లక్కడే.

సంక్రాంతి నాటికి సముద్రం కుదుటపడుతుంది, నిజమే. కానీ మియాపూర్ క్రాస్ రోడ్స్ దగ్గర భోగికి ముందు రాత్రి బ్యాగులతో బస్సుల కోసం నిలబడ్డ జనాన్ని చూసినవాళ్లెవరూ ఆ నాలుగు రోజులు దీవికివ్వమని చెప్పలేరు. ఊళ్లో వాకిట్లో ముగ్గేసి ఎదురుచూసే మనిషి ఉన్నంతకాలం ఆ సెలవులు ఊరివే.

ఇక మిగిలింది ఫిబ్రవరి. నన్నడిగితే ఏడాది మొత్తంలో అండమాన్‌కు అదే తగిన నెల. వాన ఉండదు, గాలి నెమ్మదిస్తుంది, నీళ్లు అడుగుదాకా తేటగా కనిపిస్తాయి, పగడపు దిబ్బలు చూడాలంటే ఇంతకన్నా మంచి అదను దొరకదు. ఉత్తరాన డిగ్లీపూర్ దగ్గర కాలీపూర్ తీరంలో తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం కూడా అప్పటికింకా పూర్తి కాదు. కానీ ఫిబ్రవరి అంటే మన ఇళ్లలో పరీక్షలు, ట్యూషన్లు. ఉద్యోగం, చదివే పిల్లలు ఉన్న ఇంటికి ఆ నెల అందదు.

అది అందేవాళ్లు ఆ ఇంట్లోనే ఉన్నారు. మనవలను చూసుకోవడానికి గోదావరి జిల్లాల నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చి, పదో అంతస్తు బాల్కనీలో సాయంత్రాలు గడిపే అమ్మమ్మలు, తాతయ్యలు. ఫిబ్రవరిలో వాళ్లను పంపండి. భాష ఇబ్బందీ పెద్దగా ఉండదు. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్‌లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లి స్థిరపడినవాళ్లు ఎందరో. కూరగాయల అంగట్లోనో ఆటోలోనో తెలుగు మాట వినిపిస్తే పెద్దవాళ్ల ముఖం ఎంత విచ్చుకుంటుందో వేరే చెప్పాలా.

తేదీ కూడా వాళ్లనే చూడనివ్వండి, పంచాంగం వాళ్ల చేతిలో పనే. పున్నమికీ అమావాస్యకీ పోటూ పాటూ రెండూ ఎక్కువ. నీల్ దీవిలో సహజంగా ఏర్పడిన రాతి వంతెన దగ్గరికి నడవాలంటే సముద్రం బాగా వెనక్కి తగ్గిన వేళ వెళ్లాలి. అమావాస్యనాడు బయల్దేరడం మనవాళ్లకు ఇష్టముండదు, కానీ చీకటి రాత్రుల్లోనే హావ్‌లాక్ దగ్గర నీళ్లు కదిలిస్తే నీలంగా వెలుగుతాయి. నీళ్లలోని సూక్ష్మజీవుల వెలుగు అది. రెండు రోజులు ముందే బయల్దేరితే ఆచారమూ నిలుస్తుంది, ఆ వెలుగూ దక్కుతుంది. బారాతాంగ్ దీవి మాత్రం వద్దు. ఆ దారి జరావా ఆదివాసుల అడవి గుండా పోతుంది, ఒక జాతి బతుకుతున్న చోటును బస్సు కిటికీలోంచి చూసి రావడం నాకు తప్పనిపిస్తుంది.

సెల్యులర్ జైలుకు ఏ కాలమైనా ఒకటే. ఆ జైలు కట్టకముందే అక్కడికి చేరిన హైదరాబాదీ ఒకరున్నారు. 1857 జూలై 17న కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద తుర్రెబాజ్ ఖాన్‌తో కలిసి దాడికి నాయకత్వం వహించిన మౌల్వీ అలాఉద్దీన్. ద్వీపాంతర శిక్షపడి అక్కడే కన్నుమూశారు. ఆ రెసిడెన్సీ భవనం ఇప్పటికీ ఉంది. మియాపూర్‌లో మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే దగ్గరే. వెళ్లేముందు ఒక రోజు వాళ్లను తీసుకెళ్లి చూపించండి.

వాళ్లు అండమాన్‌లో ఉన్న ఆ వారం పిల్లల క్యారేజీలు మీరు కట్టాలి, స్కూలు బస్సు వేళకు మీరు కిందికి దిగాలి. అందుకు కావలసిన సెలవు ఆఫీసులో ఇప్పుడే అడిగి పెట్టుకోండి.