యాడికి అంటే ఎక్కడికేనా?



నేను కీసరలో రూమ్ తీసుకుని చదువుకుంటున్న. తండాలో మా నానమ్మ చెప్పిన ముచ్చట్లు ఫోన్ల రికార్డు చేసుకొచ్చి ఆదివారాలు టైప్ చేస్తున్న. లంబాడీని మన దగ్గర తెలుగు అక్షరాల్లో రాస్తం. మహారాష్ట్రలో దేవనాగరిలో, కర్ణాటకలో కన్నడలో రాస్తరు. టైప్ చేసింది వాక్యాలుగా, మాటలుగా విడగొట్టే సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చి చూసిన.

వాక్యాల సంగతి చిన్నదే. చుక్క కనబడితే తెంపుతది, "డా. బి.ఆర్. అంబేద్కర్"ను కూడా ముక్కలు చేస్తది. అది సరిచేసుకోవచ్చు.

కష్టమంతా మాటల దగ్గర. నానమ్మ లంబాడీ, తెలుగు కలిపే మాట్లాడుతది. "యాడికి చెప్పిన" అంటే అమ్మకు చెప్పిన అని. యాడి మనది, కి తెలుగుది. సాఫ్ట్‌వేర్ అక్షరాలు చూసి అంతా తెలుగే అనుకున్నది, "ఎక్కడికి" కింద లెక్కేసింది. వాక్యంల అమ్మే లేకుండా పోయింది!

లిపిని బట్టి భాషను లెక్కేస్తే మన మాటలన్నీ తెలుగు తప్పుల కింద జమైతయి. అందుకే విడగొట్టే ముందే ప్రతి మాట పక్కన "లం", "తె" అని నేనే గుర్తు పెడుతున్న. యాడికి లాంటి వాటికి రెండూ. ఒక్క పేజీకి ఒక పూట పడుతున్నది, పడనీ.

గోండి లిపులు యూనికోడ్‌లోకి వచ్చినయి, మసరాం 2017లో, గుంజాల 2018లో. ఆ లిపుల్లో రాస్తే ఈ తికమక తక్కువ. తెలుగు అక్షరాల్లో గోండి, కోయ టైప్ చేసేటోళ్లకు యాడికి లాంటి మాటలు ఏమేం తగిలినయో కింద రాయండి, నా పట్టికలో కలుపుకుంట.