తెల్ల పొగ

మా ఇంట్లో మూడు భాషలుండేవి. అమ్మీతో ఉర్దూ, వీధిలో తెలుగు, వాకిట్లో ఇంజను భాష. ఆ మూడోది ఏ బళ్ళోనూ చెప్పరు. 'హవా పకడ్‌లియా' అంటే డీజిలు గొట్టంలో గాలి చేరిందని. 'టైమింగ్ హట్‌గయా' అంటే పంపు వేళ తప్పిందని. లక్నో ఉర్దూవాళ్ళు వింటే ముక్కు విరుస్తారు, తెలుగు మాస్టార్లు వింటే బెత్తం తీస్తారు. జనాభా లెక్కలవాళ్ళొచ్చి మాతృభాష అడిగితే అబ్బా 'ఉర్దూ' అని రాయించేవారు. ఆయనకి చదవడం వచ్చిన ఒకే ఒక్క లిపి తెలుగు.

"సాయిబులకి మెకానిజం రక్తంలోనే ఉంటుందండీ" అంటుంటారు. పొగడ్తే అనుకుని అంటారు. రక్తంలో ఏమీ ఉండదు. మా తాత జట్కా తోలాడు. జట్కాలు పోయి లారీలొచ్చాయి. పొలం లేదు, సర్కారీ నౌకరీకి చదువు లేదు. పదేళ్ళకే బడి మానేసిన పిల్లాడికి ఫీజు అడక్కుండా పని నేర్పే చోటు షెడ్డొక్కటే. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక వాహనాల మరమ్మతులో ముస్లింలు ఎక్కువగా ఉన్నారని చెప్పింది. ఆ వార్తని డెస్కులో కూర్చుని తెలుగు చేసింది నేనే. చేస్తుంటే నవ్వొచ్చింది. మా వీధికి ఆ సంగతి చెప్పడానికి ఢిల్లీ నుంచి కమిటీ రావాల్సొచ్చింది.

1993 జనవరి. డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చి నెల దాటింది. బొంబాయి తగలబడుతోంది. బెజవాడకి గంట దూరంలో ఉన్న మా ఊళ్ళో ఏమీ జరగలేదు. చూపులు మాత్రం మారాయి. అబ్బా వెళ్ళి కూర్చుంటే టీకొట్టులో మాటలు ఆగిపోయేవి. నాకప్పుడు 13 ఏళ్ళు.

ఆ రోజుల్లోనే ఒక టాటా 1210 వచ్చింది. దానిది 692 ఇంజను. 6 సిలిండర్లు, 92 మిల్లీమీటర్ల బోరు, అందుకే ఆ పేరు. ఆయిలు తాగేస్తోంది, నీలం పొగ కక్కుతోంది. అంటే రింగులు అరిగి, ఆయిలు పైకెక్కి కాలిపోతోంది. ఆటోనగర్‌లో షెడ్డు తీసుకునే తాహతు లేక అబ్బా మా వాకిట్లోనే మూడు కాళ్ళ ఇనప స్టాండు వేసి, చైను బ్లాకుతో ఇంజను దించారు. క్రాంకు గ్రైండింగుకీ డీజిలు పంపు పనికీ బెజవాడ వెళ్ళొచ్చారు. లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు అన్నీ కొత్తవి. హెడ్డు బోల్టులు మధ్య నుంచి అంచులకి, మూడు విడతలుగా బిగించారు. ఇంజను మళ్ళీ బండెక్కింది.

సెల్ఫ్ కొట్టారు. లేవలేదు.

పొగ కూడా లేదు. పొగే లేదంటే లోపలికి డీజిలు పోవట్లేదని. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, ఫీడ్ పంపుని చేత్తో కొట్టించారు. నురగ వచ్చింది. నురగ పోయి ధార పడేదాకా కొట్టించారు. "హవా నికల్ గయీ" అన్నారు. తర్వాత నాజిళ్ళ దగ్గర పైపు నట్లు వదులు చేసి సెల్ఫ్ కొడితే డీజిలు చిమ్మింది. బిగించి మళ్ళీ కొట్టారు. ఈసారి సైలెన్సర్లోంచి దట్టంగా తెల్ల పొగ, కళ్ళు మండించే పచ్చి డీజిలు వాసన. ఇంజను మాత్రం అందుకోలేదు.

అప్పటికి ఓనరు ఇద్దర్ని వెంటేసుకుని వచ్చాడు. లారీ ఆగినా ఫైనాన్సు కిస్తీ ఆగదు. ఆయన కంగారు నాకిప్పుడు అర్థమవుతుంది. కానీ ఆయన అడిగింది ఇంజను సంగతి కాదు. "కొత్త సామానే వేశావా సాయిబూ? ఈ మధ్య మీవాళ్ళని నమ్మేట్టు లేదు." లైనర్లకీ అయోధ్యకీ ఏం సంబంధమో నాకు ఇప్పటికీ తెలీదు. వెంట వచ్చినాయన "కంప్రెషన్ లేదు, మళ్ళీ విప్పించు" అన్నాడు.

విప్పితే హెడ్ గ్యాస్‌కెట్ పోతుంది, వారం పోతుంది, అన్నిటికన్నా ముందు పేరు పోతుంది. అబ్బా విప్పలేదు. తెల్ల పొగ అంటే డీజిలు లోపలికి వెళ్తోంది, కాలకుండా ఆవిరై బయటికొస్తోంది. గాలి బాగా నొక్కుకుని వేడెక్కకపోయినా అంతే, వేడెక్కిన క్షణానికి డీజిలు అందకపోయినా అంతే. మొదటిదానికి ఆయన చేతులే పరీక్ష. క్రాంకు పుల్లీకి రాడ్డు వేసి తిప్పారు. ప్రతి సిలిండరు వంతుకీ రాడ్డు ఎదురు తన్నింది. "దమ్ హై" అన్నారు. ఇక మిగిలింది వేళ.

క్రాంకు రెండు చుట్లు తిరిగితేగాని డీజిలు ఇంజనుకి ఒక పని పూర్తి కాదు. ఆ రెండు చుట్లలో నంబర్ వన్ పిస్టను రెండుసార్లు పైకొస్తుంది. ఒకసారి గాలిని నొక్కుతూ, ఇంకోసారి పొగని తోస్తూ. గుర్తు మాత్రం రెండుసార్లూ ఒకేచోట నిలబడుతుంది. బయటినుంచి చూసేవాడికి రెండూ ఒకటే. అబ్బా వాల్వు కవరు తీసి, నా చేతికి టార్చి ఇచ్చి, ఆరో సిలిండరుని చూడమన్నారు. దాని వాల్వులు ఒకటి మూసుకుంటూ ఒకటి తెరుచుకుంటూ ఊగుతున్నాయంటే అప్పుడే నంబర్ వన్ కంప్రెషన్లో ఉన్నట్టు. చూశాను. పంపు నంబర్ వన్‌కి డీజిలు కొట్టే వేళకి ఆరోదానివి కదల్లేదు. నంబర్ వన్‌వే ఊగుతున్నాయి.

పంపు ఒక చుట్టు తేడాగా కట్టి ఉంది.

"పంపు ఎవడు కట్టాడు?" ఓనరు అడిగాడు. కట్టింది శాగిర్దు, మాలపల్లె కుర్రాడు. ముందురోజు రాత్రి కరెంటు లేనప్పుడు, లాంతరు పెట్టుకుని కట్టాడు. వాడి ముఖంలో నెత్తురు లేదు. "నేనే" అన్నారు అబ్బా. ఆ నెలలో ఆ మాటకి ఎంత ఖరీదో ఆయనకి తెలుసు.

ఆ కుర్రాడిప్పుడు ఆటోనగర్‌లో సొంత షెడ్డు నడుపుతున్నాడు. 2020లో బి.ఎస్. 6 బళ్ళొచ్చాక స్కానరు తగిలిస్తే తప్పేమిటో అదే అంకెల్లో చూపిస్తుంది. ఆ యంత్రమూ కొన్నాడు. కుర్రాళ్ళ మీద అరిచేటప్పుడు మాత్రం 'హవా నికాల్ రే' అనే అరుస్తాడు. ఆ షెడ్డులో ఒక్క ముస్లిం లేడు.

పంపు విప్పి, ఇంజను ఒక పూర్తి చుట్టు తిప్పి, నంబర్ వన్ దగ్గర వంపు గొట్టం పెట్టి డీజిలు చుక్క ఎక్కడ ఆగుతుందో చూసి మళ్ళీ కట్టారు. పొద్దుగూకే ముందు ఇంజను లేచింది, కుంటుతూ. నడుస్తుండగానే నాజిల్ పైపు నట్లు ఒక్కొక్కటే వదులు చేశారు. వదులు చేయగానే చప్పుడు పడిపోతే ఆ సిలిండరు పనిచేస్తున్నట్టు. నాలుగోదాని దగ్గర చప్పుడు మారలేదు. నాజిల్ మార్చారు. సన్నగా నీలం పొగ మిగిలింది. కొత్త రింగులు బోరులో సర్దుకునేదాకా కొన్నాళ్ళు అది మామూలే. ఆ సంగతి అబ్బా ఓనరుకి ముందే రెండుసార్లు చెప్పారు.

ఓనరు సంతోషపడి భుజం తట్టాడు. "నువ్వు వేరు సాయిబూ. మీవాళ్ళందరిలాంటోడివి కాదు."

ఈ మాటని తర్వాత సెమినార్లలో, న్యూస్‌రూముల్లో, అద్దె ఇల్లు అడిగిన గుమ్మాల్లో ఎన్ని రకాల తెలుగులో విన్నానో. అనేవాళ్ళు మంచిమాటే అనుకుంటారు. ఒకణ్ణి పక్కకి తీసి మిగతా అందరికీ శిక్ష వేసినట్టని వాళ్ళకి తోచదు. అబ్బా ఏమీ అనలేదు. గోనెసంచి లాక్కొచ్చి పాత లైనర్లు, పిస్టన్లు, బేరింగులు ఓనరు ముందు గుమ్మరించారు.

"లెక్క చూసుకోండి."

"వద్దులే సాయిబూ" అన్నాడు ఓనరు.

అబ్బా వినలేదు. శాగిర్దు ఒక్కొక్కటే తుడిచి అందిస్తుంటే ఓనరు చేతే లెక్కపెట్టించారు. 6 లైనర్లు. 6 పిస్టన్లు. బేరింగుల దగ్గరికొచ్చేసరికి చీకటి పడింది. నేను టార్చి పట్టుకున్నాను.