నీరు ఎవరి సొత్తు?

ప్రాణమున్న ప్రతిదానినీ నీటి నుంచే సృష్టించాననీ, ఆ నీటిని ఒక పరిమాణం ప్రకారమే ఆకాశం నుంచి కురిపిస్తున్నాననీ అల్లాహ్ దివ్య ఖుర్ఆన్‌లో తెలియజేశాడు. పరిమాణం ఆయనది, పంపకం మాత్రం మన చేతిలో ఉన్నది.

1951లో మన దేశ జనాభా 36 కోట్లు. 2011 నాటికి 121 కోట్లు. అదే కాలంలో ఏడాదికి తలసరి నీటి లభ్యత 5,177 ఘనపు మీటర్ల నుంచి 1,545కు పడిపోయింది. అంతమాత్రాన పుట్టిన బిడ్డను భారమనుకోవడం విశ్వాసికి తగదు. ఉపాధినిచ్చేవాడు అల్లాహ్. ఇచ్చినదానిని ఎలా నిలుపుకున్నాము, ఎలా పంచుకున్నాము అన్నదానికి మాత్రం జవాబు మనమే చెప్పుకోవాలి.

మా కొత్తకోట ప్రాంతం రాతి నేల. ఇక్కడ వాన నీరు లోతుకు ఇంకడం కష్టం. అందుకే పెద్దలు వాలుకు అడ్డంగా కట్టలు పోసి చెరువులు నిలిపారు. నీరటికాడు వంతు ప్రకారం పొలాలకు నీరు వదిలేవాడు. బోర్లు వచ్చిన తరువాత ఎవరి నీరు వారిదే అన్న భావన బలపడింది. కాని రాతి పగుళ్లలోని నీటికి గట్లు లేవు. ఒకరి లోతైన బోరు పొరుగువారి బోరును ఎండబెడుతుంది.

ఫిఖ్హ్ పండితులు కుండలో నీటికీ బావిలో నీటికీ భేదం చూపారు. కుండలో నింపుకున్నది సొంతం. బావి ఎవరి పొలంలో ఉన్నా, దప్పికతో వచ్చినవారిని కాదనరాదు. హజ్రత్ ఉస్మాన్ (రజి) మదీనాలోని రూమా బావిని కొని ప్రజలకే విడిచిపెట్టారు.

నిలిపిన నీటిని కాపాడడమూ అమానతే. 1959లో ప్రారంభమైన మా సమీపంలోని సరళాసాగర్, నిండగానే తనంతట తాను నీరు వదిలే సైఫన్లకు ప్రసిద్ధి. 2019 డిసెంబర్ 31న దాని కట్ట తెగి, నిలిచిన నీరు వెళ్లిపోయింది. కట్టడంతోనే బాధ్యత తీరదని ఆ ఘటన చాటింది.

ప్రవక్త (సఅసం) ఒక ముద్ద్, అంటే సుమారు లీటరు లోపు నీటితో వుజూ చేసేవారు. మదరసాలో ఈ పాఠం చెప్పే మేము, మసీదు కుళాయి వద్ద దానిని ఆచరించి చూపాలి. వుజూ నీరు మురుగులో కలవకుండా ప్రతి మసీదు ఆవరణలో ఇంకుడు గుంత తవ్వుకోవాలి. కొత్త బోరు వేసే ముందు పొరుగువారి బోరు ఎంత దూరంలో ఉన్నదో చూసుకోవాలి. చెరువు పూడిక తీసే రోజున మహల్లా అంతా కదలాలి.

పొరుగువారి హక్కును గుర్తెరిగి నీటిని వాడుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.